కథకూ ప్రకటనకూ మధ్య కంచె: కార్టూన్ నెట్‌వర్క్ 'బంపర్ల' చరిత్ర

టెలివిజన్‌లో కార్యక్రమం ఆగి వాణిజ్య ప్రకటనలు మొదలయ్యే చోట, ప్రకటనలు ముగిసి కార్యక్రమం తిరిగి మొదలయ్యే చోట కొన్ని సెకన్ల పాటు కనిపించే చిన్న దృశ్యాన్ని ప్రసార రంగంలో 'బంపర్' అంటారు. ఛానల్ గుర్తు, ఒక సంగీతపు తునక, 'చిన్న విరామం తర్వాత మళ్ళీ వస్తాం' అనే మాట, లేదా తర్వాత రాబోయే కార్యక్రమం పేరు అందులో ఉంటాయి. వాహనానికి ముందూ వెనుకా అమర్చే బంపర్ దెబ్బను తాను తీసుకుని లోపలివారికి కుదుపు తగలకుండా చూస్తుంది. టెలివిజన్ బంపర్ పనీ దాదాపు అదే. కథలో లీనమై ఉన్న ప్రేక్షకుడు ఉన్నట్టుండి సబ్బు ప్రకటనలో పడకుండా అది అడ్డు నిలుస్తుంది.

పిల్లల ఛానళ్లలో దీనికి మరో బాధ్యత ఉంది. 'ఇంతవరకు నువ్వు చూసింది కథ, ఇక చూడబోయేది నీకు ఏదో అమ్మడానికి తీసింది' అని పసివారికి తెలియజేయడం ఆ బాధ్యత. అమెరికాలో ప్రసార నియంత్రణ సంస్థ దాన్ని విధిగా మార్చింది. అలా కంచెగా నిలబెట్టిన బంపర్, కార్టూన్ నెట్‌వర్క్ వంటి ఛానల్ చేతిలో క్రమంగా తోరణంగా మారింది. ఒకప్పటి పిల్లలు, నేటి పెద్దలు, ఆ ఛానల్‌ను తలచుకునేటప్పుడు కార్టూన్లతో పాటు ఆ తోరణాలనూ గుర్తు చేసుకుంటారు. మొదట అప్పగించిన పనిని బంపర్ ఎంతవరకు నెరవేర్చిందన్నది వేరే ప్రశ్న.

నిషేధం కోరితే వచ్చిన రాజీ

1968లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పెగ్గీ చారెన్, మరికొందరు తల్లులు కలిసి 'యాక్షన్ ఫర్ చిల్డ్రన్స్ టెలివిజన్' అనే సంఘాన్ని స్థాపించారు. శనివారం ఉదయం వేళ పిల్లల కోసం వరుసగా కార్టూన్లు, వాటి మధ్య బొమ్మల ప్రకటనలు, చక్కెర నిండిన అల్పాహారాల ప్రకటనలు కుమ్మరించడం అప్పటికే అక్కడి టెలివిజన్ సంస్థలకు లాభసాటి వ్యాపారం. 1970లో ఈ సంఘం ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌ను (ఎఫ్‌సీసీ) ఆశ్రయించింది. పిల్లల కార్యక్రమాల్లో వాణిజ్య ప్రకటనలను పూర్తిగా తొలగించాలని, ప్రతి కేంద్రం వారానికి కనీసం 14 గంటలు పిల్లల కోసం కేటాయించాలని కోరింది.

కమిషన్ నాలుగేళ్లు తీసుకుంది. 1974లో వెలువరించిన విధాన ప్రకటనలో నిషేధాన్ని తిరస్కరించింది. ప్రకటనల ఆదాయం పోతే పిల్లల కార్యక్రమాలే తగ్గిపోతాయన్నది దాని వాదన. అయితే చిన్నపిల్లలు కార్యక్రమాన్నీ ప్రకటననూ వేరుచేసి గుర్తించలేరన్న ఆందోళనను అంగీకరించింది. అందువల్ల రెండింటి మధ్య స్పష్టమైన విభజన ఉండాలని ఆదేశించింది. కార్యక్రమంలోని పాత్రే మధ్యలో వచ్చి సరుకులు అమ్మే పద్ధతినీ తప్పుపట్టింది. నిషేధం అడిగిన తల్లులకు దక్కింది కొన్ని సెకన్ల విభజన రేఖ.

ఆ రేఖే శనివారం ఉదయాల బంపర్ అయింది. ప్రకటనల ముందు ఒకటి, తర్వాత ఒకటి. 1980వ దశకంలో ఏబీసీ సంస్థ బంకమట్టి బొమ్మలతో, పాటతో తీయించిన బంపర్లు ఆ కాలపు అమెరికన్ పిల్లలకు కంఠస్థం. చట్టం కోసం పెట్టిన వాక్యాన్ని పాటగా కట్టిన నాడే దాని స్వభావం మారడం మొదలైందని చెప్పవచ్చు.

1984లో కమిషన్ ప్రకటనల నిడివిపై ఉన్న పరిమితులను ఎత్తివేసింది. విభజన నియమాన్ని మాత్రం ఉంచింది. నిడివి పరిమితిని 1990లో అమెరికా కాంగ్రెస్ పిల్లల టెలివిజన్ చట్టం ద్వారా తిరిగి తెచ్చింది. అధ్యక్షుడు జార్జ్ హెచ్.డబ్ల్యూ. బుష్ సంతకం చేయకుండానే అది చట్టమైంది. దాని ప్రకారం పిల్లల కార్యక్రమాల్లో గంటకు వారాంతాల్లో పదిన్నర నిమిషాలు, మిగతా రోజుల్లో 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదు. ఈ పరిమితి కేబుల్‌కూ వర్తించింది. కార్టూన్ నెట్‌వర్క్ పుట్టుకకు అప్పటికి రెండేళ్ల దూరం.

పధ్నాలుగు గళ్ల గుర్తు

టెడ్ టర్నర్‌కు చెందిన టర్నర్ బ్రాడ్‌కాస్టింగ్ 1986లో ఎంజీఎం చిత్రాల భాండాగారాన్ని, 1991లో హన్నా-బార్బెరా సంస్థను సొంతం చేసుకుంది. టామ్ అండ్ జెర్రీ, ఫ్లింట్‌స్టోన్స్, స్కూబీ-డూ, యోగి బేర్ ఒకే గూటికి చేరాయి. రోజంతా కార్టూన్లే ప్రసారం చేసే ఛానల్ ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. 1992 అక్టోబర్ 1న కార్టూన్ నెట్‌వర్క్ ప్రసారాలు మొదలయ్యాయి. బెట్టీ కోహెన్ దాని తొలి అధ్యక్షురాలు.

ఆ ఛానల్ గుర్తు చదరంగపు బల్లను పోలి ఉండేది. ఆంగ్లంలో కార్టూన్ అనే మాటకు ఏడు అక్షరాలు, నెట్‌వర్క్ అనే మాటకు ఏడు అక్షరాలు. రెండు వరుసల్లో పధ్నాలుగు గళ్లు, నలుపు ఒకటి, తెలుపు ఒకటి. గళ్లుగా విడదీయడానికీ, దొర్లించడానికీ, మళ్ళీ కూర్చడానికీ ఇంత అనువైన గుర్తు అరుదు. బంపర్ల రూపకర్తలు ఆ అవకాశాన్ని వదులుకోలేదు.

తొలి సంవత్సరాల్లో కొత్త కార్టూన్లు దాదాపు లేవు. చూపించేవన్నీ తాతల నాటి చిత్రాలు. ఛానల్ కొత్తది, సరుకు పాతది అన్న పరిస్థితిలో కొత్తదనం చూపగలిగిన చోటు కార్యక్రమాల మధ్యనున్న ఆ ఖాళీయే. పాత కార్టూన్ల నుంచి తునకలు తీసి, కొత్త సంభాషణలు, కొత్త సంగీతం జోడించి బంపర్లు చేశారు. 1994 ఏప్రిల్‌లో వచ్చిన 'స్పేస్ ఘోస్ట్ కోస్ట్ టు కోస్ట్' కార్యక్రమం కూడా ఇదే పొదుపు విద్యకు విస్తరణ. 1960వ దశకపు కథానాయకుడి పాత బొమ్మలనే వాడి, అతనితో ప్రముఖులను ఇంటర్వ్యూ చేయించారు. బంపర్ నేర్పిన పని కార్యక్రమంగా ఎదిగిన సందర్భమది.

యంత్రాల సంగీతం

1997 జూన్‌లో వచ్చిన రూపకల్పన ఈ చరిత్రలో అత్యంత ముఖ్యమైనది. అట్లాంటాకు చెందిన ప్రైమల్ స్క్రీన్ సంస్థ దాన్ని తీర్చిదిద్దింది. దాని ప్రాణం మాత్రం అంతకు అరవై ఏళ్ల ముందు పుట్టింది. అమెరికన్ స్వరకర్త రేమండ్ స్కాట్ 1937లో 'పవర్‌హౌస్' అనే వాద్యరచన చేశారు. కర్మాగారంలో యంత్రాలు లయబద్ధంగా కదులుతున్నట్టు వినిపించే సంగీతమది. స్కాట్ కార్టూన్ల కోసం ఏనాడూ స్వరాలు కట్టలేదు. 1943లో ఆయన రచనల ప్రచురణ హక్కులు వార్నర్ సంస్థకు చేరాయి. దాంతో వార్నర్ కార్టూన్ల సంగీత దర్శకుడు కార్ల్ స్టాలింగ్ చేతికి అవి అందాయి. ఆ తర్వాత బగ్స్ బన్నీ, డఫీ డక్ చిత్రాల్లో యంత్రం కనిపించిన చోటల్లా, పట్టాపై వస్తువులు వరుసగా కదిలే దృశ్యం వచ్చినప్పుడల్లా ఆ బాణీ వినిపించేది. రచన పేరు ఎరుగనివారికి కూడా ఆ స్వరం కార్టూన్ స్వరమే అయిపోయింది.

ఆ బాణీని కార్టూన్ నెట్‌వర్క్ తన ఛానల్ గొంతుగా మార్చుకుంది. ఒక్కో ధారావాహికకు ఒక్కో రంగుల కూర్పు, ఒక్కో కదలిక. అన్నింటి కింద అదే యంత్రపు లయ. 'డెక్స్టర్స్ లాబొరేటరీ', 'జానీ బ్రావో', 'పవర్‌పఫ్ గర్ల్స్', 'కరేజ్ ద కవర్డ్లీ డాగ్' వంటి ఛానల్ సొంత సృష్టులు ఒకటొకటిగా వస్తున్న కాలమది. కొత్త పాత్రలకూ పాత పాత్రలకూ మధ్య బంధుత్వం కలిపింది ఈ బంపర్లే. 1994లో మరణించిన స్కాట్ ఈ వైభవాన్ని చూడలేదు. 2004 వరకు ఈ అలంకరణ కొనసాగింది.

అయితే 1974 నాటి ఆదేశాన్ని దీని పక్కన పెట్టి చూస్తే ఒక వైరుధ్యం కనిపిస్తుంది. విభజన రేఖ కార్యక్రమం కన్నా భిన్నంగా ఉంటేనే విభజిస్తుంది. ఇక్కడ రేఖలోనూ అవే బొమ్మలు, అవే రంగులు, దశాబ్దాలుగా కార్టూన్లలో వింటున్న అదే సంగీతం. పాత్రలు సరుకులు అమ్మరాదని నియమం చెప్పింది నిజమే. ఇక్కడ అవి ఏ సరుకూ అమ్మలేదు. అంగడి గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి వెళ్లి రండి, మేం ఇక్కడే ఉంటాం అన్నాయి, అంతే. చట్టం దృష్టిలో తప్పు లేదు. పిల్లవాడి దృష్టిలో ఆ రెండింటికీ ఎంత తేడా ఉంటుందన్నదే అసలు విషయం.

దానికి పరిశోధకులు అనుకూలమైన సమాధానం ఇవ్వలేదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన నిపుణుల బృందం 2004లో తన నివేదిక సమర్పించింది. సుమారు నాలుగైదేళ్ల లోపు పిల్లలు ప్రకటనను కార్యక్రమం నుంచి నిలకడగా వేరుచేయలేరని, ఎనిమిదేళ్ల లోపు వారికి ప్రకటన వెనుక ఉండే ఒప్పించే ఉద్దేశం అర్థం కాదని అందులో పేర్కొంది. విభజన కోసం పెట్టిన బంపర్లు చిన్నపిల్లలకు పెద్దగా ఉపకరించడం లేదని కూడా ఆ రంగంలోని అధ్యయనాలు చెప్పాయి. బంపర్ చుట్టూ ఉన్న కార్యక్రమాన్నే పోలి ఉండటం అందుకు వారు చూపిన ముఖ్య కారణం. ఎనిమిదేళ్ల లోపు పిల్లలను లక్ష్యంగా చేసుకునే ప్రకటనలను నియంత్రించాలని బృందం సిఫారసు చేసింది. 1970లో తల్లులు అడిగిన దానికి ఇది ఎంతో దూరంలో లేదు.

పాత్రలకు ఒక ఊరు

యాదృచ్ఛికమే కావచ్చు, అదే 2004లో, జూన్ 14న, కార్టూన్ నెట్‌వర్క్ గళ్ల గుర్తును విరమించి కొత్త రూపం ధరించింది. ఆస్ట్రేలియాకు చెందిన యానిమల్ లాజిక్ సంస్థ కంప్యూటర్‌పై త్రిమితీయ నగరాన్ని నిర్మించింది. అందులో వీధులు, దుకాణాలు, బస్సు స్టాపులు. చేతితో గీసిన సమతల పాత్రలు ఆ నగరంలో నివసించేవి. వేర్వేరు కథల్లోని పాత్రలు ఇక్కడ ఇరుగుపొరుగు. ఒక ధారావాహికలోని దుష్టుడు మరో ధారావాహికలోని పిల్లలకు వీధిలో ఎదురుపడేవాడు. బంపర్ ఇక విభజన రేఖ కాదు. అదే ఒక చిన్న కార్టూన్.

ఇందులో వ్యాపార వివేకం లేకపోలేదు. చేతిలో రిమోట్ ఉన్న ప్రేక్షకుడు విరామం రాగానే ఛానల్ మారుస్తాడు. విరామంలోనే చూడదగినది ఏదో ఉందన్న ఆశ కల్పిస్తే ఆగుతాడు. కళాదృష్టితో చూస్తే ఈ నగరపు బంపర్లు ఆ ఛానల్ చేసిన మంచి పనుల్లో చేరతాయనడానికి సందేహించనక్కర్లేదు. కాని అవి ఎంత బాగుంటే పిల్లలు ప్రకటనల ముందు అంత నిలకడగా కూర్చుంటారు.

తర్వాతి మార్పులు త్వరత్వరగా వచ్చాయి. 2008లో 'నూడ్స్' అనే తెల్లని బొమ్మలు, 2010 మే నెలలో మళ్ళీ గళ్ల నమూనా, ఈసారి ఆంగ్లపు సీ, ఎన్ అనే రెండు గళ్లతోనే. 2016లో, 2021లో మరికొన్ని. వీటిలో ఏదీ యంత్రసంగీతం వలెనో, నగరం వలెనో జ్ఞాపకంలో పాతుకోలేదు.

పెద్దల వేళ

పిల్లలను ప్రకటనల నుంచి వేరుచేయాల్సిన బంపర్, ఒక సందర్భంలో పిల్లలనే పెద్దల నుంచి వేరుచేసింది. 2001 సెప్టెంబర్ 2న ఈ ఛానల్ రాత్రివేళ పెద్దల కోసం 'అడల్ట్ స్విమ్' పేరిట ప్రసారాలు ప్రారంభించింది. అమెరికాలో ఈత కొలనుల వద్ద కాసేపు పిల్లలను బయటకు పిలిచి పెద్దలకు నీళ్లు వదిలే సమయానికి వాడే మాట అది. తొలి బంపర్లలో నిజంగానే కొలనులో ఈదుతున్న వృద్ధులు కనిపించేవారు. ఆ తర్వాత వాటి స్థానంలో నల్లని తెరపై తెల్లని అక్షరాలు వచ్చాయి. పాత్ర లేదు, రంగు లేదు, కదలిక లేదు. ఛానల్ తనను తాను ఎగతాళి చేసుకునే నాలుగు మాటలు, ప్రేక్షకుల విసుర్లకు జవాబులు. ఖర్చు దాదాపు శూన్యం. 2005లో ప్రేక్షకాదరణను లెక్కించే నీల్సన్ సంస్థ ఈ విభాగాన్ని ప్రత్యేక ఛానల్‌గా పరిగణించడం మొదలుపెట్టింది.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. చుట్టూ ఉన్న కార్టూన్లకు పూర్తిగా భిన్నంగా, పొరపాటున కూడా కథ అనిపించని విభజన రేఖ చివరకు అదే ఛానల్‌లో తయారైంది. దాని అవసరం లేని పెద్దల కోసం.

ఒక దృశ్యం, అనేక గొంతులు

భారతదేశంలో కార్టూన్ నెట్‌వర్క్ 1995 మే 1న అడుగుపెట్టింది. తొలి సంవత్సరాల్లో పగలు కార్టూన్లు, రాత్రి అదే ఛానల్‌పై టీఎన్‌టీ పేరిట ఆంగ్ల చలనచిత్రాలు వచ్చేవి. 2001లో అది 24 గంటల ఛానల్ అయింది. ఆంగ్లంతో మొదలై హిందీ, తమిళం, తెలుగు భాషల్లోకి విస్తరించింది.

ఇక్కడ బంపర్‌కు ప్రత్యేకమైన చిక్కు ఎదురైంది. భారత పిల్లల ఛానళ్లు సాధారణంగా ఒకే దృశ్య ప్రసారానికి వేర్వేరు భాషల ధ్వనిమార్గాలు జోడిస్తాయి. విజయవాడలోనూ లక్నోలోనూ కనిపించే బొమ్మ ఒకటే, వినిపించే గొంతు వేరు. కాబట్టి తెరపై రాసే మాట ఏ ఒక్క ప్రాంతపు లిపిలోనూ ఉండటానికి వీల్లేదు. ఆంగ్లంలో ఉండాలి, లేదా మాట లేకుండా బొమ్మతోనే చెప్పాలి. విరామం వస్తోందన్న సంగతిని అక్షరాలు నేర్వని తెలుగు పిల్లలకు చేరవేసే భారమంతా గొంతు అరువిచ్చిన కళాకారులపైనే పడింది. తెలుగు పిల్లల్లో ఒక తరానికి జెర్రీ, డెక్స్టర్ల లోకం ఆ గొంతుల ద్వారానే తమదైంది.

దేశీయ కథలు వచ్చాక విరామపు ముఖాలూ మారాయి. తిరువనంతపురానికి చెందిన టూన్జ్ సంస్థ రూపొందించిన తెనాలి రామన్ ధారావాహిక 2003లో ఈ ఛానల్‌లో ప్రసారమైంది. 2004 జనవరి 1న టర్నర్ సంస్థ 'పోగో'ను ప్రారంభించింది. హైదరాబాద్‌కు చెందిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సృష్టించిన 'ఛోటా భీమ్' 2008లో అందులోనే వచ్చింది. అమెరికాలో యోగి బేర్ నిలబడిన గుమ్మం దగ్గర ఇక్కడ ఢోలక్‌పూర్ భీముడు నిలబడ్డాడు.

చట్టం మాటకు వస్తే, భారతదేశంలో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్ నిబంధనలు 1994లోనే వచ్చాయి. అసలు చట్టం 1995లో రావడం, నిబంధనలు దానికన్నా ముందే ఉండటం ఆర్డినెన్స్ చలవ. వీటిలోని ఏడో నిబంధన ప్రకటనల నియమావళి. ప్రకటన కార్యక్రమం నుంచి స్పష్టంగా వేరుగా తెలియాలని అది చెబుతుంది. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండరాదని, అందులో 10 నిమిషాలు వాణిజ్య ప్రకటనలకు, 2 నిమిషాలు ఛానల్ సొంత ప్రచారానికి అని విభజిస్తుంది. వేరుగా తెలియాలన్నదే గాని, అందుకు బంపర్ వంటి సాధనం ఉండి తీరాలని అందులో లేదు. వార్తల ఛానల్‌కూ కార్టూన్ ఛానల్‌కూ నిమిషాల లెక్క ఒకటే. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన మార్గదర్శకాలు మరో దారి పట్టాయి. చిప్స్, శీతల పానీయాల వంటి జంక్ ఫుడ్ ప్రకటనలను పిల్లల కార్యక్రమాల మధ్య గాని, కేవలం పిల్లల కోసమే ఉన్న ఛానళ్లలో గాని వేయరాదని అవి నిర్దేశించాయి. రేఖ గీయడం కన్నా రేఖకు అవతల ఏముందో చూడటం ఈ పద్ధతి. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం 1980లోనే ఇంకా ముందుకు వెళ్లి, 13 ఏళ్ల లోపు పిల్లలను ఉద్దేశించిన వాణిజ్య ప్రకటనలను నిషేధించింది.

మిగిలినవి, తిరిగి వచ్చినవి

కార్టూన్లు డీవీడీలుగా వచ్చాయి, స్ట్రీమింగ్ వేదికలపై దొరుకుతున్నాయి. బంపర్లకు ఆ భాగ్యం లేదు. అవి ఏ ధారావాహికలోనూ భాగం కావు, ఏ జాబితాలోనూ పేరు ఉండదు. ఈనాడు చూడదొరికే పాత బంపర్లలో చాలా వరకు వీక్షకులు ఇళ్లలో వీడియో క్యాసెట్లపై రికార్డు చేసుకున్నవే. టేపు ఆదా చేయడానికి విరామం రాగానే రికార్డింగ్ ఆపే జాగ్రత్తపరుల క్యాసెట్లలో అవి సగంలోనే తెగిపోయాయి. బద్ధకించి అలాగే వదిలేసిన వారి వల్లే ఇవైనా మిగిలాయి.

ఛానల్ కూడా మునుపటిలా లేదు. అమెరికాలో 2023 ఆగస్టు నుంచి అడల్ట్ స్విమ్ సాయంత్రం 5 గంటలకే మొదలవుతోంది. 2024 ఆగస్టులో కార్టూన్ నెట్‌వర్క్ అమెరికా వెబ్‌సైట్‌ను మూసివేసి, సందర్శకులను మాతృసంస్థ స్ట్రీమింగ్ సేవ వైపు మళ్లించారు. పిల్లల చూపు ఫోన్ తెరకు మారింది. అక్కడ విరామానికి వేళ లేదు, ముందస్తు మాట లేదు. పాట మధ్యలో ప్రకటన ఊడిపడుతుంది. పిల్లల సమాచార సేకరణపై అమెరికా నియంత్రణ సంస్థలతో 2019లో 17 కోట్ల డాలర్లకు రాజీ కుదిరాక, పిల్లల వీడియోలపై వ్యక్తిగత సమాచారం ఆధారంగా చూపే ప్రకటనలను యూట్యూబ్ 2020 జనవరి నుంచి నిలిపివేసింది. చిన్నపిల్లల కోసం ప్రత్యేకంగా నడిపే యూట్యూబ్ కిడ్స్ యాప్‌లో మాత్రం చెల్లింపు ప్రకటనకు ముందు, ఇప్పుడు వచ్చేది ప్రకటన అని తెలిపే ఒక చిన్న దృశ్యం వస్తుంది. అందులో భీముడూ లేడు, యోగి బేర్ కూడా లేడు.